విదేశీ తోటల యాత్ర: నల్లగొండ, పాలమూరు మొక్కల పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మిద్దె తోటలు పెంచేవాళ్లం, పూల రైతులం కొందరం కలిసి విదేశాల్లోని తోటలు, పూల మార్కెట్లు చూసి వస్తుంటాం. మాది ట్రావెల్ ఏజెన్సీ కాదు. మొక్కల మీద ఇష్టంతో కలిసినవాళ్లం. ప్రతి ప్రయాణానికి ముందు అవే ప్రశ్నలు ఫోన్లలో వస్తుంటాయి. సమాధానాలు ఒకచోట ఉంటే అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఇంత డబ్బు పెట్టి వెళ్లడం దేనికి? మన దగ్గర పూలు లేవా?

పూల కోసమే అయితే వెళ్లనక్కర్లేదు. దసరా ముందు మన్ననూరు దారిలో తంగేడు విరగబూసినప్పుడు చూస్తే ఇంకే దేశమూ గుర్తురాదు. పైగా అక్కడ మనం చూసి మురిసిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం మన ఎండకు నిలవవు. మన దగ్గర నిలిచేది అక్కడి పనితనం. కొమ్మ ఎక్కడ కత్తిరించారు, మొదలు చుట్టూ ఏం కప్పారు, ఒక మడిలో పూలు అయిపోగానే రెండో వరుస ఎలా అందుకుంది, కోసిన పువ్వును బజారుకు ఎలా చేర్చారు? ఇవి చూడటానికే మేం వెళ్తాం. ఫొటోలు దిగి రావడానికైతే మా గుంపుతో రావద్దని ముందే చెప్పేస్తాం, ఎందుకంటే ఒక్కో మడి దగ్గర అరగంట నిలబడతాం.

మొదటిసారి వెళ్తున్నాం. ఏ దేశంతో మొదలుపెట్టాలి?

నా సలహా శ్రీలంక. ప్రయాణం చిన్నది, అన్నం దొరుకుతుంది, వాతావరణం మనకు కొత్త కాదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకుంటే సరిపోతుంది. క్యాండీ దగ్గరి పేరాదెనియ రాయల్ బొటానికల్ గార్డెన్ 1821లో మొదలైంది. సుమారు 147 ఎకరాలు. మూడు వైపులా మహావెలి నది చుట్టి పారుతుంది. రాజతాళ వృక్షాల బాట, ఆర్కిడ్ల ఇల్లు, సుగంధ ద్రవ్యాల తోట అన్నీ బాగుంటాయి. కానీ మావాళ్లు కదలకుండా కూర్చుండిపోయేది పచ్చిక మధ్యలో గొడుగులా పరచుకున్న జావా మర్రి జాతి చెట్టు కింద.

పాలమూరు వాళ్లకు ఆ చెట్టు మీద ఇంకో రకమైన ఆసక్తి ఉంటుంది. మన పిల్లలమర్రి మూడెకరాల మేర విస్తరించిన చెట్టు, వయసులో శతాబ్దాలది. 2017లో చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగిపడింది. 2018లో సెలైన్ సీసాల్లో మందు నింపి, చుక్క చుక్కగా మానులోకి ఎక్కించి కాపాడుకున్నారు. కొమ్మలకు ఆసరాగా కట్టిన దిమ్మెలు కూడా మనకు తెలుసు. అందుకే పేరాదెనియలో మావాళ్లు చెట్టు అందం కంటే ముందు దాని వేర్ల మీద జనం నడవకుండా ఏం చేశారు, బరువైన కొమ్మలను ఎలా చూసుకుంటున్నారు అనేది పరిశీలించారు. మనకున్న చెట్టు ఎంత పెద్దదో అక్కడ నిలబడ్డాకే సరిగ్గా అర్థమైందని మా గుంపులో ఒక ఉపాధ్యాయురాలు అన్నారు.

క్యాండీలో బుద్ధుని దంతధాతు ఆలయం ముందు పూల దుకాణాలు తప్పకుండా చూడండి. తామర, నల్లకలువ, దేవగన్నేరు పూలను ఆకుల్లో పేర్చి అమ్ముతారు. నల్లకలువ శ్రీలంక జాతీయ పుష్పం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో సింహళ భిక్షువుల కోసం ఒక విహారమే ఉండేదని శాసనం చెబుతోంది. కృష్ణా ఒడ్డు నుంచి వెళ్లిన మనకు ఆ ఊరు పరాయిగా అనిపించదు.

బ్యాంకాక్ పూల మార్కెట్‌కు ఏ వేళలో వెళ్లాలి? ప్రత్యేకంగా ఏం చూడాలి?

పాక్ ఖ్లాంగ్ తలాత్ అనే ఆ మార్కెట్ రాత్రింబవళ్లు నడుస్తుంది. అసలు సందడి రాత్రి పది దాటాక మొదలై తెల్లవారే దాకా ఉంటుంది. పగలు వెళ్లినవాళ్లు సగమే చూసినట్టు. బంతిపూల గుట్టలు చూసి మొదట హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఉన్నామా అనిపిస్తుంది. తర్వాత తేడాలు ఒక్కొక్కటే కనిపిస్తాయి.

మొదటి తేడా, వాళ్లు మాల కట్టరు, గుచ్చుతారు. మన దగ్గర దారంతోనో అరటినారతోనో ముడి వేస్తూ అల్లుతాం, మూరల్లో అమ్ముతాం. అక్కడ మూరెడు పొడవు సూదికి మల్లె మొగ్గలను చుట్టూ పేర్చుకుంటూ ఎక్కించి, సూది నిండాక దారం మీదికి జార్చుతారు. పువ్వు నలగదు, మొగ్గలన్నీ ఒకే కోణంలో నిలబడతాయి. ఒక పెద్దావిడ పక్కన పావుగంట నిలబడి చూస్తే పద్ధతి పట్టుబడిపోతుంది. మా గుంపులో దేవరకొండ నుంచి వచ్చిన పూలమాలల అక్క అక్కడే మూడు సూదులు కొనుక్కుంది. ఇప్పుడు పెళ్లి దండల్లో ఆ పనితనం చూపిస్తోంది.

రెండోది నాకు మరీ నచ్చింది. ఆ దండల్లో తెల్లగా, చిన్న కిరీటంలా మెరిసే పువ్వు ఒకటి ఉంటుంది. దగ్గరకు వెళ్లి చూస్తే జిల్లేడు! మన పొలాల గట్ల మీద, బస్టాండు వెనక ఎవరూ నాటకుండా పెరిగేది. మనం వినాయకుడికి, ఆంజనేయుడికి తప్ప తాకం. థాయి భాషలో దాని పేరుకు ప్రేమ అని అర్థం. అందుకే పెళ్లి దండల్లో దానికి చోటు. రేకులు తీసేసి నడిమి కిరీటాన్ని మాత్రమే వాడతారు. పాలు కంటికి తగలకుండా జాగ్రత్త పడతారు. సాగు చేసి, కోసి, కిలోల్లో అమ్ముతున్నారు. ఇంటికి వచ్చాక గట్టు మీది జిల్లేడును చూసే కళ్లు వేరవుతాయి.

ఇంకా తామర మొగ్గల రేకులను లోపలికి మడిచే విధానం, అరటి ఆకు దొన్నెలు, కట్టలు కట్టలుగా డెండ్రోబియం ఆర్కిడ్లు ఉంటాయి. ఫొటో తీసే ముందు కళ్లతోనైనా అనుమతి అడగండి. వాళ్లకు అది పని వేళ. నడిచే దారిలో నిలబడితే తోపుడు బండ్లకు అడ్డం.

సింగపూర్‌లో రెండు పెద్ద తోటలు ఉన్నాయంటారు. ఒక్కటే చూడగలిగితే ఏది?

పాతది. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ 1859లో మొదలైంది, 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 82 హెక్టార్లు, అంటే రెండు వందల ఎకరాల పైమాటే. ఉదయం ఐదు గంటలకే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. లోపలి ఆర్కిడ్ తోటకు మాత్రం టిక్కెట్టు. లండన్‌లోని క్యూ అనే తోట నుంచి 1877లో వచ్చిన రబ్బరు మొక్కలు ఇక్కడ పెరిగాయి. చెట్టు చావకుండా బెరడును వాలుగా గీసి పాలు తీసే పద్ధతిని ఇక్కడే, ఈ తోట డైరెక్టరుగా పనిచేసిన హెన్రీ రిడ్లీ రూపొందించారు. ఆగ్నేయ ఆసియా రబ్బరు సాగంతా దాని మీద నడిచింది. ఐదు డాలర్ల నోటు మీద ముద్రించిన టెంబుసు చెట్టును కూడా ఇక్కడే చూడవచ్చు.

2012లో తెరిచిన గార్డెన్స్ బై ద బే సాయంత్రానికి బాగుంటుంది. 25 నుంచి 50 మీటర్ల ఎత్తు ఇనుప చెట్లు, చల్లబరచిన గాజు గదులు పిల్లలకు ఎంతో నచ్చుతాయి. నగరంలో కత్తిరించిన కొమ్మలను, మోళ్లను మండించి ఆ చల్లదనానికి కావలసిన శక్తిలో కొంత పుట్టిస్తారని తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. మన మున్సిపాలిటీల్లో వేప కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన కాల్చేస్తున్నారు. లిటిల్ ఇండియా వీధుల్లో పూలదండల దుకాణాల దగ్గర కాసేపు ఆగండి, మల్లెల వాసనే మిమ్మల్ని ఆపుతుంది.

ట్యులిప్ తోటలు ఎప్పుడు పూస్తాయి?

నెదర్లాండ్స్‌లోని లిస్సె పట్టణంలో ఉన్న కోకెన్‌హోఫ్ తోట ఏడాదికి ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది. మార్చి మూడో వారం నుంచి మే రెండో వారం దాకా. మా అనుభవంలో ఏప్రిల్ నడిమి పది రోజులు భద్రమైన ఎంపిక, అయినా చలి ఎక్కువైతే పూత వారం వెనక్కి పోవచ్చు. 32 హెక్టార్లలో ఏటా దాదాపు 70 లక్షల దుంపలను చేత్తో నాటుతారు. సీజన్ అయ్యాక తవ్వి తీసేస్తారు.

తోటమాలికి అక్కడ నేర్చుకోవలసింది పొరల నాటు. ఒకే గుంతలో అడుగున ఆలస్యంగా పూసే ట్యులిప్, దాని పైన తొందరగా పూసేది, అన్నిటికంటే పైన క్రోకస్ లాంటి చిన్న దుంపలు పెడతారు. ఒకటి వాడిపోతుంటే కింది నుంచి ఇంకొకటి లేస్తుంది. ఎనిమిది వారాలూ మడి ఖాళీగా కనిపించదు. నేను దీన్ని ఇంటి దగ్గర పెద్ద కుండీలో ప్రయత్నించాను. అడుగున నేలసంపెంగ, పైన వాన పడగానే పూసే రెయిన్ లిల్లీ. జూన్ తొలకరికి పై పొర లేచింది, తర్వాత నేలసంపెంగ కాడలు వచ్చాయి. ఒక కుండీతో రెండు కాలాలు గడిచాయి.

ఆ దుంపలు తెచ్చి మన దగ్గర నాటుకోవచ్చా?

వద్దు. చట్టం సంగతి తర్వాత చెబుతాను. మొక్క సంగతే చూద్దాం. ట్యులిప్ దుంపకు లోపల పువ్వు సాగి పైకి రావాలంటే 12 నుంచి 16 వారాల చలి పడాలి. మన డిసెంబరు చలి దానికి ఏ మూలకూ చాలదు. ఫ్రిజ్‌లో పెట్టి నాటినా ఒక్కసారి పూసి దుంప కరిగిపోతుంది. ట్యులిప్‌లే చూడాలనుకుని అంత దూరం వెళ్లలేనివాళ్లకు శ్రీనగర్‌లో దాల్ సరస్సు పక్కనున్న తోట ఉంది. అదీ ఏప్రిల్ ప్రాంతంలోనే పూస్తుంది, పాస్‌పోర్టు అక్కర్లేదు.

పొలాల్లో పూలు కోసి పారేస్తారట, నిజమేనా?

నిజమే. మా రైతులు అన్నిటికంటే ఎక్కువ కలత పడిన దృశ్యం అదే. రంగుల చాపలు పరిచినట్టున్న పొలంలోకి యంత్రం దిగి, పూల తలలన్నీ నరుక్కుంటూ పోయింది. మా వెంట వచ్చిన షాద్‌నగర్ రైతు కళ్లు మూసుకున్నాడు. కానీ అక్కడ పంట పువ్వు కాదు, దుంప. పువ్వు విత్తనం కట్టే పనిలో పడితే ఆకులు తయారుచేసిన ఆహారమంతా పైకే పోతుంది. తల తీసేస్తే అది కిందికి దిగి దుంప బలుస్తుంది. ఉల్లి రైతు పూత తుంచడం, నేలసంపెంగలో ఎండిన కాడ తీసేయడం మనకు తెలిసిన పనులే. అంత అందాన్ని తుంచుతున్నారని మాత్రం మనసు ఒప్పుకోదు.

ఆ పొలాల గట్లు దాటి లోపలికి దిగవద్దు. కాళ్లతో, బట్టలతో తెగుళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి వెళ్తాయి. 1630ల్లో డచ్చివాళ్లు ఇళ్లు అమ్ముకొని మరీ కొన్నారని చెప్పుకునే చారల ట్యులిప్‌లకు ఆ చారలు వచ్చింది పేనుబంక పురుగు మోసుకొచ్చిన వైరస్ వల్ల. ఆ సంగతి 1920ల్లో గాని తేలలేదు. 1637 ఫిబ్రవరిలో ఆ బేరాలు కుప్పకూలాయి.

పూల వేలం చూడనిస్తారా?

ఆల్స్‌మీర్‌లోని రాయల్ ఫ్లోరాహాలండ్ వేలం కేంద్రాన్ని చూడనిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం పూట మాత్రమే. గురువారం మరీ తొందరగా ముగుస్తుంది. శని, ఆదివారాల్లో ఉండదు. ఏడున్నరకల్లా లోపల ఉండండి, తొమ్మిది దాటితే ఖాళీ నేల కనిపిస్తుంది. విస్తీర్ణంలో ప్రపంచంలోని అతి పెద్ద భవనాల్లో అదొకటి. పైనున్న వంతెన లాంటి బాట మీద నడుస్తూ కింద పూల బండ్లు రైలు పెట్టెల్లా తిరగడం చూస్తాం.

మనకు తెలిసిన వేలంలో ధరను కింది నుంచి పైకి పాడుతారు. అక్కడ తలకిందులు. గడియారం లాంటి పలక మీద ధర పై నుంచి కిందికి జారుతుంది, మొదట మీట నొక్కినవాడికి సరుకు. ఎదురు చూస్తే తక్కువకు వస్తుంది, మరీ ఎదురు చూస్తే ఇంకొకడు తీసుకుపోతాడు. పువ్వు వాడిపోయే సరుకు కాబట్టి బేరం క్షణాల్లో తేలాలి. ఇప్పుడు కొనేవాళ్లలో చాలామంది కంప్యూటర్ల ముందు కూర్చుని ఎక్కడి నుంచో నొక్కుతున్నారు కనుక హాలులో మనుషులు తక్కువ. కెన్యా, ఇథియోపియా గులాబీలు కూడా ఇక్కడి గడియారం కిందికి వస్తాయి.

మా రైతులతో నేను పదేపదే చెప్పే విషయం, అది వ్యాపారుల కంపెనీ కాదు. పెంపకందారుల సహకార సంఘం. 1911-12లో దళారులతో వేగలేక ఆ ఊరి రైతులు పెట్టుకున్న రెండు వేలం సంఘాలు 1968లో ఒకటయ్యాయి, అక్కడి నుంచి ఈ స్థాయికి పెరిగాయి. ఇంకొకటి, అక్కడి పొలంలో కోసిన పువ్వు చాలావరకు నీళ్ల బకెట్టులోనే ప్రయాణిస్తుంది. మనం బంతిని గోనె సంచిలో తొక్కి కుట్టి, బస్సు మీద వేసి పంపుతాం. సంచి విప్పేసరికి నడిమి పూలు ఉడికిపోయి ఉంటాయి. ఆ షాద్‌నగర్ రైతు తిరిగి వచ్చాక గాలి ఆడే ప్లాస్టిక్ క్రేట్లకు మారాడు, తెల్లవారుజామున కోత పెట్టుకున్నాడు. మార్కెట్‌లో తీసివేత తగ్గిందని చెప్పాడు. ప్రయాణం ఖర్చులో కొంతైనా అలా తిరిగి వచ్చినట్టే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో సింగెల్ కాలువ మీది పూల మార్కెట్ 1862 నుంచి ఉంది. ఇప్పుడు అక్కడ పువ్వుల కంటే అయస్కాంత బొమ్మలు, చెక్క ట్యులిప్‌లు ఎక్కువ. అరగంట చాలు.

లండన్ వెళ్తే?

క్యూ తోటకు రెండు రోజులు ఇవ్వండి. 1759 నాటిది, మూడు వందల ఎకరాల పైన. పామ్ హౌస్‌లో 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఓడలో తెచ్చిన, తాటి జాతిలా కనిపించే సైకాడ్ మొక్క ఇప్పటికీ కుండీలో బతికి ఉంది. రెండున్నర శతాబ్దాలుగా ఒక కుండీ మొక్కను తరతరాల తోటమాలులు మట్టి మారుస్తూ కాపాడుకుంటూ వచ్చారు. నా మిద్దె మీద పదేళ్లు నిలిచిన కుండీ ఒక్కటీ లేదు. అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించాను.

మనకు క్యూతో ఇంకో బంధం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో సామర్లకోటలో ఉండి మన నేల మొక్కలను చిత్రకారులతో గీయించిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ సేకరణలోని చిత్రాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఆయన తన వర్ణనల్లో మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నారు. అవి చూడాలంటే చాలా ముందుగా రాసి అనుమతి అడగాలి.

మే నెలలో జరిగే చెల్సీ పూల ప్రదర్శనకు టిక్కెట్లు నెలల ముందే అయిపోతాయి. ఆదివారం అయితే కొలంబియా రోడ్డు పూల సంత చూడండి.

దుబాయ్‌లో మా అబ్బాయి ఉన్నాడు. అక్కడి పూల తోట చూడదగినదేనా?

మిరాకిల్ గార్డెన్ 2013లో తెరిచారు. వేసవి నెలల్లో మూసేస్తారు, కాబట్టి నవంబరు నుంచి మార్చి మధ్య వెళ్లండి. పెటునియాలతో కట్టిన కోటలు, విమానాలు కంటికి ఇంపుగా ఉంటాయి. తోటమాలిగా అయితే పూటకంటే ఎక్కువ అక్కర్లేదు. శుద్ధి చేసిన మురుగునీటిని డ్రిప్పుతో ఎలా వాడుతున్నారో మాత్రం గమనించండి, నీటి కరువు ఎరిగిన పాలమూరు వాళ్లకు అది అవసరమైన పాఠం. నేను వెళ్లినప్పుడు నగరంలో ఒక రోడ్డు పక్క మడికి పైపు సర్దుతున్న మనిషి మా మాటలు విని తెలుగులో పలకరించాడు. మక్తల్ వైపు వాడు. ఉప్పు నీటికి ఏ మొక్క ఆగుతుందో, ఏది మాడుతుందో పది నిమిషాల్లో చెప్పాడు. ఆ యాత్రలో నా నోటు పుస్తకంలో ఎక్కువ పేజీలు నిండింది అతని మాటలతోనే. పని చేస్తున్నవాళ్లతో మాట్లాడండి, ఏ దేశంలోనైనా.

పాస్‌పోర్టు, వీసాల విషయంలో మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఏది?

పేరు. మన పెద్దవాళ్ల, ముఖ్యంగా ఆడవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. లేదా ఆధార్‌లో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లపై యూఏఈ 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. ప్రయాణానికి ఆరు నెలల ముందే ఈ సవరణ చేయించుకోండి. తిరిగి వచ్చే నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోవడం మంచిది.

నెదర్లాండ్స్‌కు షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా కావాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏప్రిల్ ప్రయాణానికి జనవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. ఆలస్యం చేసి ఒక ఏడాది మావాళ్లు నలుగురు పూత అయిపోయాక వీసా అందుకున్నారు. సింగపూర్‌కు గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా వీసా. థాయిలాండ్ 2024 జూలైలో మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు అనుమతించింది. ఇలాంటి సడలింపులు మారుతుంటాయి కాబట్టి టిక్కెట్టు కొనే ముందు ఆయా ఎంబసీల వెబ్‌సైట్లు చూడండి. 2025 మే నుంచి థాయిలాండ్ చేరే ముందు ఆన్‌లైన్ ఆగమన పత్రం కూడా నింపాలి.

మొక్కలు, విత్తనాలు, కొమ్మలు తెచ్చుకోవచ్చా? చిన్న కొమ్మే కదా?

ఈ ప్రశ్న అడగనివారు లేరు. తేవద్దు. మొక్క, దుంప, విత్తనం, అంటు కొమ్మ ఏదైనా మన దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మట్టి అయితే అసలే కుదరదు. ఆర్కిడ్ల కుటుంబం మొత్తం సైటీస్ (ముప్పున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వస్తుంది, కాబట్టి సింగపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో కుండీతో సహా అమ్మినా సైటీస్ పత్రం లేకుండా దేశం దాటించడం నేరం. దుకాణదారు ఏం కాదులే అంటాడు. పట్టుబడేది అతను కాదు.

చట్టం ఒక్కటే కారణమైతే నేను ఇంత గట్టిగా చెప్పను. మన చేలల్లో వయ్యారిభామ ఎలా నిండిపోయిందో చూస్తూనే ఉన్నాం. అది అమెరికా ఖండాల మొక్క, 1950ల్లో పుణె దగ్గర మొదట కంటపడింది. ఇప్పుడు దాని పుప్పొడితో దగ్గు, ఒంటి మీద దద్దుర్లు లేని ఊరు లేదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి తోటల్లో కనిపించిన పిండినల్లి మెక్సికో ప్రాంతానిది. మందులకు లొంగక, చివరికి దాన్ని తినే పరాన్నజీవిని విదేశం నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఒక చిన్న కొమ్మ వెనక ఇవన్నీ దాగి రావచ్చు. నల్లగొండ బత్తాయి తోటలకు, కొల్లాపూర్ మామిడికి మనం కొత్త తెగులు మోసుకొచ్చామనే మాట ఎవరికీ వద్దు.

తెచ్చుకోదగినవి చాలా ఉన్నాయి. మంచి కత్తెర, అంటు కత్తి, గుచ్చే సూదులు, మొక్కల పేర్ల పలకలు, పుస్తకాలు. కత్తెరలు చేతి సంచిలో కాదు, చెక్ ఇన్ పెట్టెలో పెట్టండి.

ఇంటి నుంచి తినడానికి ఏం తీసుకెళ్లవచ్చు?

పచ్చళ్లు, పొడులు, సకినాలు, సర్వపిండి ఫరవాలేదు. ఆవకాయను చెక్ ఇన్ పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టండి. యూరప్‌కు నెయ్యి, పాలకోవా, మాంసం వద్దు. అక్కడ పాల పదార్థాలు, మాంసం తీసేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయ కూడా పత్రం లేకుండా వెళ్లవు. గసగసాలు దుబాయ్‌లో, సింగపూర్‌లో నిషేధం. మసాలా డబ్బాలో పొరపాటున ఉన్నా పెద్ద చిక్కు, ఇంట్లోనే పెట్టె మొత్తం వెతికి తీసేయండి. ఎండుకొబ్బరి చిప్పలను విమానంలోకి రానివ్వరు.

ఏప్రిల్‌లో మేం లేకపోతే మిద్దె మీది మొక్కలు ఏమవుతాయి?

ట్యులిప్ సీజన్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే. అక్కడ స్వెట్టర్ వేసుకుని తిరుగుతుంటే ఇక్కడ నల్లగొండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. పది రోజుల ముందు నుంచే సిద్ధం చేయాలి. కుండీలన్నీ తూర్పు గోడ నీడకు చేర్చి ఒకదానికొకటి ఆనించి పెట్టండి, గుంపుగా ఉంటే తేమ నిలుస్తుంది. పైన 50 శాతం నీడనిచ్చే వల కట్టండి. మట్టి మీద రెండంగుళాల మందం ఎండుటాకులు, కొబ్బరి పీచు పరచండి. పూత, పిందె తుంచేయండి, మనసు రాకపోయినా. ఆ వారం ఎరువు వేయవద్దు.

నీటికి టైమర్ పెట్టిన డ్రిప్పు ఉంటే మంచిది, కానీ వెళ్లే ముందు మూడు రోజులు మీరు ఉండగానే నడిపించి చూడండి. కరెంటు పోయినా, ట్యాంకు ఖాళీ అయినా టైమర్‌కు తెలియదు. పెద్ద కుండీల్లో మూతి కట్టిన చిన్న మట్టి కుండ పాతి నీళ్లు నింపితే మూడు నాలుగు రోజులు చెమరుస్తూ ఉంటుంది. అన్నిటికంటే నమ్మకమైనది పక్కింటివాళ్లు. మా గుంపులో ఒక ఏడు వెళ్లనివాళ్లు వెళ్లినవాళ్ల తోటలకు నీళ్లు పోస్తారు, మరుసటి ఏడు వంతు మారుతుంది. ఏ కుండీకి ఎన్ని చెంబులో సుద్దతో కుండీ మీదే రాయండి. ఎడారి గులాబీకి ప్రేమకొద్దీ రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఇంగ్లీషు రాదు. మోకాళ్ల నొప్పి కూడా. రావచ్చా?

రావచ్చు. పెద్ద తోటలన్నింటిలో చక్రాల కుర్చీలు దొరుకుతాయి, ముందుగా అడిగి పెట్టుకోవాలి. రోజుకు ఒక్క తోట మాత్రమే పెట్టుకుంటే నడక భారం కాదు. ఏజెంట్ల ప్యాకేజీల్లో ఒక్క రోజులో ఐదు చోట్లు ఉంటాయి, అలాంటివి మనకు పనికిరావు. బూట్లు కొత్తవి వేసుకురావద్దు, నెల ముందు నుంచి తొడిగి అలవాటు చేసుకోండి.

భాష విషయానికి వస్తే, తోటమాలులకు ఒక ఉమ్మడి భాష ఉంది, శాస్త్రీయ నామాలు. బంతికి టాజెటిస్, గునుగుకు సెలోషియా, తంగేడుకు సెన్నా అని పదిహేను ఇరవై పేర్లు నేర్చుకుంటే లంకలోనైనా లండన్‌లోనైనా పలక చూసి మొక్కను గుర్తుపట్టవచ్చు. ఏడో తరగతి దాకా చదివిన ఒక పెద్దమ్మ పేరాదెనియలో పలకలు కూడబలుక్కుని చదువుతూ మాకు మొక్కలు చూపించింది. మీ తోట ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి. మీ గులాబీకి పట్టిన మచ్చ చూపిస్తే అవతలివాళ్లు మాటలతో పనిలేకుండా ఏ ఆకు తుంచాలో చేత్తో చూపిస్తారు.

ఖర్చు ఎంత అవుతుంది?

టిక్కెట్ల ధరలు రోజుకోరకంగా ఉంటాయి కాబట్టి అంకె చెప్పను. శ్రీలంక, థాయిలాండ్ తక్కువ, సింగపూర్ నడిమి, యూరప్, లండన్ ఎక్కువ. ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరిట పన్ను ముందే పట్టుకుంటారు, ఆదాయపు పన్ను రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి. ఒకసారి మేం నమ్మి డబ్బు కట్టిన ఏజెంటు వేలం కేంద్రానికి ఆదివారం తీసుకెళ్లాడు. మూసిన గేటు చూసి వచ్చాం. అప్పటి నుంచి రోజువారీ పట్టిక మేమే రాసి ఇస్తున్నాం.

వెళ్లే ముందు ఇక్కడ ఏమైనా చూసి రావాలా?

తప్పకుండా. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గంటసేపు తిరగండి. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలోని బొటానికల్ గార్డెన్‌లో మన ప్రాంతపు మొక్కలు పేర్లతో సహా ఉన్నాయి. వీలైతే జనవరిలోనో ఆగస్టులోనో బెంగళూరు లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూడండి. ఒక పుస్తకంలో మీ తోటలో మీకు చేతకాని మూడు పనులు రాసుకోండి. అక్కడ ఎవరిని ఏం అడగాలో ఆ పేజీ చెబుతుంది.

బతుకమ్మ రోజుల్లో ప్రయాణం పెడతారా?

పెట్టం. ఆ తొమ్మిది రోజులు మా రైతులకు బంతి, చేమంతి కోత, మిగిలినవాళ్లకు గునుగు, తంగేడు ఏరుకొచ్చే పని. బంతి మెక్సికో నుంచి, చేమంతి చైనా నుంచి ఎప్పుడో వచ్చి మన గౌరమ్మ చుట్టూ కూర్చున్న పూలు. దసరా దాటాక, బతుకమ్మలు చెరువులో చేరి, చేతుల పసుపు పోయాక, తర్వాతి యాత్రకు పేర్లు రాసుకోవడం మొదలుపెడతాం.